1995లో నాన్న కట్టిన పడవ కోసం వెతుకుతున్నాను, కాశిమేడు తెలిసినవాళ్ళు సాయం చేయండి

తండయారుపేట అమ్మాయి | మార్చి 9, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. చెన్నైలో ఇంతమంది తెలుగువాళ్ళు కలిసే చోటు ఇదొక్కటే నాకు తెలుసు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మాది కాకినాడ దగ్గర తాళ్ళరేవు. నాన్న పడవల మేస్త్రి. వాళ్ళ వీళ్ళ కోసం నలభైకి పైగా బోట్లు కట్టారు. మా కోసం కట్టుకున్నది మాత్రం ఒక్కటే. 1994లో అమ్మ గాజులు, నానమ్మ కాసులపేరు అమ్మి అడుగుదూలం వేశారు. 1995 ఉగాది వెళ్ళాక నీళ్ళలోకి దించారు. పేరు 'శ్రీ నూకాలమ్మ'. సోనా రకం, 43 అడుగులు. పలకలకి టేకు, రాజమండ్రి అడితిలో కొన్నది. లోపలి వంపు కర్రలన్నీ నల్లతుమ్మ. ఇంజను అశోక్ లేలాండ్. నడిపింది మా మేనమామ.

1996 నవంబరు 6 తుఫాను సంగతి మా వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకి వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. ఆ వారం మా పడవ అడుగున నీరు ఊరుతోందని నాన్న దాన్ని ఏట్లోకి లాగించి పెట్టారు. సందులు మళ్ళీ నింపాలి, నాలుగు రోజులు ఆగమన్నారు. మామయ్య ఖాళీగా ఉండలేక ఇంకొకరి బోటులో కూలికి వెళ్ళాడు. ఆ బోటు రాలేదు. మా పడవకి గీత కూడా పడలేదు.

అమ్మ ఆ తర్వాత రేవు వైపు వెళ్ళలేదు. 1997లో ఇక్కడి చేపల హార్బరు కాశిమేడు నుంచి ఒకాయన వచ్చి కొనుక్కెళ్ళారు. ఆ కాగితాలు ఇప్పుడు లేవు. కొన్నాయన పేరు నాన్నకి గుర్తు లేదు.

నేను ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాక అమ్మానాన్నల్ని తెచ్చుకున్నాను. మా ఇంటి నుంచి హార్బరు మూడు కిలోమీటర్లు ఉండదు. నాన్న ఒక్కసారి కూడా అటు రాలేదు. చేపలకి నేనే వెళ్తాను. అమ్మ ఉన్నంతకాలం ఇంట్లో ఎవరమూ ఆ పడవ మాట ఎత్తలేదు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. మొన్న మాఘ పౌర్ణమి నాడు అన్నం తింటూ తింటూ నాన్న చెయ్యి ఆపేసి, "ఆ పడవ నీళ్ళలో ఉందో గట్టున ఉందో" అన్నారు. ఆయనకి 78. కుడి చెయ్యి సరిగ్గా పని చేయడం లేదు, బుద్ధి మాత్రం చురుగ్గానే ఉంది.

ఉందో లేదో తెలుసుకోవాలి. లేదంటే లేదని చెప్తాను. ఎలా మొదలుపెట్టమంటారు?

కోరంగి కుర్రాడు | మార్చి 9, రాత్రి 11:02

అక్కా, మాదీ తాళ్ళరేవు మండలమే. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఆ తుఫానులో మా తాతయ్య తమ్ముడు పోయాడు. నేను అప్పటికి పుట్టలేదు, కానీ మా ఇంట్లో కార్తీకమాసం వచ్చిందంటే ఆ మాట రాకుండా ఉండదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మా వైపు మర బోట్లని పాబ్లో, రొయ్య, సొర, సోనా అంటారు. సైజుని బట్టి వచ్చిన పేర్లు. పాబ్లో చిన్నది, రొయ్య దానికంటే కాస్త పెద్దది, సొర 37 అడుగుల దాకా ఉంటుంది, సోనా సుమారు 43. అక్క చెప్పిన కొలత సరిగ్గా సోనాదే. రేపు మా పెదనాన్నని అడుగుతాను. ఆయన ఇప్పటికీ పడవలు కట్టే యార్డు పనికి వెళ్తాడు.

బేసిన్ బ్రిడ్జి | మార్చి 10, ఉదయం 5:40

అమ్మా, నాకు 81. నీ పడవ గురించి నాకేమీ తెలియదు, అయినా రాయకుండా ఉండలేకపోయాను. మా నాన్న బకింగ్‌హాం కాలువ మీద సరుకు పడవల గుమాస్తా. 1806కి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన కాలువ అది. తర్వాత పెద్దగంజాం నుంచి మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు సాగింది. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో కూలి కోసం వచ్చిన జనమే ఊరి మధ్య భాగం తవ్వారు. నా చిన్నప్పుడు శ్రీహరికోట నుంచి సరుగుడు కట్టెలు, బొగ్గు, సున్నపు గుల్ల వేసుకుని పడవలు బేసిన్ బ్రిడ్జి దాకా వచ్చేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే గెడ వేసేవాళ్ళు, అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్ళు. లాగేవాళ్ళంతా తెలుగువాళ్ళే. ఇప్పుడు ఆ నీళ్ళ పక్కన నిలబడలేం.

మీ నాన్నగారి ఊరి పనితనం చాలా పాతది. కోరంగి రేవు 1789లో, 1839లో రెండు ఉప్పెనల్లో కొట్టుకుపోయింది. రేవు పోయినా పడవ కట్టే చెయ్యి ఆ పల్లెల్లో మిగిలింది. బర్మాలో తెలుగు కూలీలందరినీ కోరంగీలనే పిలిచేవారు, ఆ రేవు పేరు మీదే. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు.

ఎన్నూరు ఇంజనీరు | మార్చి 10, ఉదయం 9:25

నేను నిజం చెప్తాను, బాధపడకండి. చెక్క ట్రాలరు ముప్పై ఏళ్ళు ఉండటం చాలా అరుదు. టెరిడో పురుగు పైకి సూది మొనంత కన్నం పెట్టి లోపలికి వెళ్ళి, పలకని తేనెపట్టులా చేసేస్తుంది. ఇనప మేకులు తుప్పు పట్టి చుట్టూ చెక్కని తినేస్తాయి. డెక్కు సందుల్లోంచి దిగిన వాన నీరు పై భాగాన్ని కుళ్ళబెడుతుంది. అన్నిటికీ తోడు 2004 సునామీ. ఆ రోజు కాశిమేడులో బోట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. పనికిరాని బోటుని విరిచినప్పుడు ఇంజను ఒకరికి, ఇనుము ఒకరికి, చెక్క పొయ్యిలోకి పోతుంది.

అయినా వెతకాలనుకుంటే ఒక దారి ఉంది. 2008 ముంబై దాడి తర్వాత దేశమంతా వేట బోట్లకి కొత్త పద్ధతిలో రిజిస్ట్రేషన్ పెట్టారు. చెన్నై మర బోటైతే ఐఎన్‌డి, టిఎన్, 02, ఎంఎం అని వరసగా ఉండి తర్వాత అంకె ఉంటుంది. పొడవు, ఇంజను, కట్టిన వివరాలు అందులో రాయాలి. అప్పటికి మీ బోటు బతికి ఉంటే ఏదో ఒక నంబరు కింద ఉండి తీరాలి. 43 అడుగులంటే 13 మీటర్ల పైన కొంచెం. ఆ కొలతతో మొదలుపెట్టండి.

తండయారుపేట అమ్మాయి | మార్చి 10, రాత్రి 9:50

అందరికీ చాలా థాంక్స్. తాతయ్యగారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు.

ఇంజనీరుగారూ, మీ మాట కూడా చదివాను. పురుగు గురించి నాన్న ఒకటి చెప్పమన్నారు. ఆ పురుగు ఉప్పునీళ్ళలోనే బతుకుతుందట. అందుకని నాన్న ఏడాదికి ఒకసారి బోటుని గోదారి మంచినీళ్ళలో కొన్ని వారాలు కట్టించేవారు, పురుగు లోపలే చచ్చేది. డెక్కు మీద మాత్రం మంచినీళ్ళు నిలవనిచ్చేవారు కాదు. "అడుక్కి మంచినీళ్ళు మందు, నెత్తికి మంచినీళ్ళు విషం" అన్నారు. చెన్నై తెచ్చినాయన అలా చూసుకున్నాడో లేదో తెలియదు కదా అని కూడా అన్నారు.

సరంగు పెదనాన్న | మార్చి 12, మధ్యాహ్నం 2:15

అమ్మా, మాది నెల్లూరు జిల్లా. 1988 నుంచి కాశిమేడులో ఉండాను. ఇరవై రెండేళ్ళు బోటు తోలాను, ఇప్పుడు మోకాళ్ళు సాయం రాక గట్టునే ఉంటున్నాను. మనవడు టైపు చేస్తుండాడు.

పేరు పెట్టి వెతకొద్దు. కొన్నోడు మొదట మార్చేది పేరే. రంగూ అంతే. పైన కేబిను కూడా నమ్మొద్దు, అది పదేళ్ళకొకసారి కొత్తది కడతారు. ఇంజను ఈ పాటికి రెండు మూడు మారుంటాయి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది కట్టిన మనిషి చెయ్యి. ప్రతి మేస్త్రికీ ఒక అలవాటు ఉంటుంది. అది ఎవరికీ చెప్పడు, దాచిపెట్టనూ దాచడు. మీ నాయన్ని అడుగు, లోపల ఏమి గుర్తు పెట్టేవాడివని.

ఇంకో మాట. ఇప్పుడు వెతికితే సగం బోట్లు వేటలో ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పుడు అన్నీ ఒడ్డుకొస్తాయి, రిపేరుకి గట్టెక్కిస్తారు. అడుగు నుంచి పైదాకా చూసుకోవచ్చు. అప్పటిదాకా ఓపిక పట్టు.

తండయారుపేట అమ్మాయి | మార్చి 13, రాత్రి 11:30

పెదనాన్నగారూ, మీరు అడగమన్నది అడిగాను. ఇన్నేళ్ళలో నాన్న నాతో చెప్పని విషయం ఒకటి బయటికి వచ్చింది.

నాన్న చదివింది మూడో తరగతి. మా ముత్తాత దగ్గర తెలుగు అంకెలు నేర్చుకున్నారు. ఇంగ్లీషు అంకెలు వచ్చినా పనిలో మాత్రం తెలుగువే వాడేవారు. వంపు కర్రలు నేల మీద ఒక్కొక్కటీ అచ్చు పెట్టి చెక్కుతారు కదా, ఏది ఎక్కడిదో కలిసిపోకుండా ప్రతి కర్ర మీద ఉలితో నంబరు వేసేవారు. వెనక నుంచి ముందుకి లెక్క. కుడి వైపు కర్రల మీదే, ఇంజనుకి ఎదురుగా కనిపించే ముఖం మీద, అరచేయంత ఎత్తులో. మా పడవలో ౧ నుంచి ౨౬ దాకా ఉన్నాయట.

ఏడో కర్ర దగ్గర ఇంజను దిమ్మ మొదలవుతుంది. అందుకని ౭ వేశాక చివర ఒక ఉలిదెబ్బ ఎక్కువ కొట్టేవారు, చిన్న తోకలా. నాన్న పెన్సిలు ఎడమ చేత్తో పట్టుకుని క్యాలెండరు వెనక గీసి చూపించారు. ఆ ఫోటో కింద పెట్టాను, చూడండి. అలాంటి ౭ ఎక్కడైనా కనిపిస్తే అది మాదే.

కోరంగి కుర్రాడు | మార్చి 14, ఉదయం 7:10

అక్కా! ఆ ఫోటో పెదనాన్నకి చూపించాను. చూడగానే నాన్నగారిని గుర్తుపట్టాడు. "ఆయన ఏడు అది" అన్నాడు. పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడట రెండేళ్ళు. ఇప్పుడు యార్డులో అందరూ మార్కరుతో ఇంగ్లీషు అంకెలే వేస్తున్నారు. తెలుగు అంకెలు చెక్కిన చెక్క బోటు చెన్నైలో రెండోది ఉండే అవకాశం తక్కువ అంటున్నాడు.

ఫైబర్ పని | మార్చి 14, రాత్రి 8:45

నేను పదిహేనేళ్ళుగా కాశిమేడులో ఫైబర్ కోటింగు పని చేస్తున్నాను. మాది శ్రీకాకుళం. ఇంజనీరుగారు చెప్పింది సగం నిజం. ముప్పై ఏళ్ళ చెక్క బోటు ఉట్టిగా బతకదు. కానీ సునామీ తర్వాత చాలా పాత బోట్లకి పైన ఫైబర్ తొడిగారు. చెక్కని బాగా గీకి, ఎండబెట్టి, మ్యాటు పరిచి రెజిన్ పూస్తాం, రెండు మూడు వరసలు. తొడిగేముందు చెక్క ఎండి ఉంటే పురుగు ఇంక ముట్టదు. తడి మీద తొడిగితే ఊపిరాడక లోపల్లోపలే కుళ్ళిపోతుంది.

కాబట్టి అక్కా, బయట నుంచి చూస్తే మీకు అది చెక్క బోటని కూడా తెలియదు. ఫైబర్ బోటులానే నున్నగా ఉంటుంది. లోపలికి, ఇంజను గదిలోకి దిగి చూడాల్సిందే. అక్కడ వంపు కర్రలు అలాగే ఉంటాయి, ఎవరూ పెయింటు కూడా వేయరు. ఓనరుని అడక్కుండా మాత్రం గీకొద్దు.

సరంగు పెదనాన్న | ఏప్రిల్ 19, సాయంత్రం 6:30

నిషేధం మొదలైంది. నాలుగు రోజులు తిరిగాను. కాకినాడ వైపు నుంచి పాత రోజుల్లో వచ్చినవి అని చెప్పే చెక్క బోట్లు మూడు తేలాయి. మూడోది 49 అడుగులు, అది మనది కాదు. మొదటి రెండూ చూద్దాం. ఆదివారం జనం ఎక్కువ, సోమవారం పొద్దున ఆరింటికి రా తల్లీ.

తండయారుపేట అమ్మాయి | ఏప్రిల్ 22, రాత్రి 9:05

నిన్న వెళ్ళాను. పెదనాన్నగారు కర్ర పట్టుకుని నాకోసం గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, ఆ ఎండలో ఆయన్ని తిప్పినందుకు నాకే కష్టంగా అనిపించింది.

మొదటి బోటు సొర రకం, టేపు పెడితే 37 అడుగులే ఉంది. రెండోది 43కి దగ్గర. చెప్పులు విప్పి ఎక్కాను. ఇంజను గదిలోకి దిగేటప్పుడు కాళ్ళు వణికాయి. కర్రల మీద నంబర్లు ఉన్నాయి, కానీ ఇంగ్లీషువి, ఎర్ర పెయింటుతో. మనసు ఒక్కసారి జారిపోయింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న మెలకువగానే ఉన్నారు. ఏమీ అడగలేదు. నేనే చెప్పాను. "సరేలే" అని అటు తిరిగి పడుకున్నారు.

ఎన్నూరు ఇంజనీరు | ఏప్రిల్ 23, ఉదయం 8:00

ఒక్క నిమిషం. ఆ మూడో బోటుని 49 అడుగులని ఎందుకు వదిలేశాం? 43 పట్టుకు వెతకమన్నది నేనే, ఆ తప్పు నాది. పాత బోట్లకి వల లాగే చోటు చాలక వెనక భాగం పెంచుకుంటారు. ఆరడుగులు పెంచడం పెద్ద విషయం కాదు. మీ నాన్నగారు నంబర్లు వెనక నుంచి వేశారన్నారు కదా. పెంచిన బోటైతే ౧ వెనక నంబరు లేని కర్రలు కొన్ని ఉండాలి. అది చూడకుండా వదలొద్దు. నేనూ వస్తాను.

సరంగు పెదనాన్న | ఏప్రిల్ 23, మధ్యాహ్నం 1:20

నాకు తట్టనే లేదు నాయనా. ఆ బోటు ఓనరు ఊళ్ళో లేడు, మే మొదటి వారంలో వస్తాడంట. ఫైబర్ తొడిగిన బోటే. స్లిప్పు మీదికి ఎక్కించారు.

తండయారుపేట అమ్మాయి | మే 6, రాత్రి 10:40

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఓనరు తమిళాయన. పాతికేళ్ళుగా తెలుగు కళాసీలతో తిరిగి తెలుగు బాగానే మాట్లాడతారు. 2006లో ఇంకొకరి దగ్గర కొన్నారట, అప్పటికే ఫైబర్ తొడిగి, వెనక పెంచి ఉంది. అంతకు ముందు సంగతి ఆయనకి తెలియదు. నేను అంకెల సంగతి చెబితే నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు. "ఇంజను పక్కన ఏదో గీతలు చేతికి తగులుతాయమ్మా, మా డ్రైవరు అది దేవుడి యంత్రం అని విభూతి పెడతాడు" అన్నారు.

పెదనాన్నగారు, ఇంజనీరుగారు కింద నిలబడ్డారు. ఫైబర్ పని తమ్ముడు టార్చి పట్టుకుని నాతో దిగాడు. లోపల డీజిలు, పాత నీళ్ళు, తుప్పు అన్నీ కలిసిన వాసన. కర్రలు కాటుకలా నల్లగా ఉన్నాయి. కంటికి ఏమీ కనిపించలేదు. తమ్ముడు కిరోసిన్లో తడిపిన గుడ్డ ఇచ్చాడు. విభూతి మరక ఉన్న కర్ర వదిలేసి దాని పక్కది తుడిచాను. నాలుగైదు సార్లు తుడిచాక మసి కింద తుమ్మచెక్క ఎర్రటి రంగు వచ్చింది, దాని మీద ఒక గాడి. గుడ్డ వదిలేసి వేలు పెట్టాను. చూడకముందే వేలికి తెలిసిపోయింది, ౮. అప్పుడు విభూతి ఉన్నదానికి దణ్ణం పెట్టుకుని మెల్లగా తుడిచాను. ౭. చివర తోక. గాడి లోపల ఉలి అంచు దిగిన గీత ఇంకా పదునుగా ఉంది.

వెనక ౧ కూడా ఉంది. దాని వెనక నంబరు లేని కర్రలు నాలుగు.

పైకి వచ్చేసరికి నా ముఖం చూసే పెదనాన్నగారికి అర్థమైపోయింది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఇంజనీరుగారు వెళ్ళి అందరికీ టీ తెచ్చారు.

నాన్నకి ఫోన్లో చెప్పలేదు. ఇంటికి వెళ్ళి పక్కన కూర్చుని, "నీళ్ళలో లేదు నాన్నా, గట్టున ఉంది, రిపేరుకి. జూన్ పదిహేనుకి మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంది" అన్నాను.

కోరంగి కుర్రాడు | మే 6, రాత్రి 10:52

అక్కా అక్కా అక్కా. ఇల్లంతా లేపాను.

బేసిన్ బ్రిడ్జి | మే 7, ఉదయం 5:15

రాత్రి మనవరాలు చదివింది, నిద్ర పట్టలేదు. నాన్నగారిని ఎప్పుడు తీసుకెళ్తావు తల్లీ?

తండయారుపేట అమ్మాయి | మే 11, రాత్రి 9:30

తాతయ్యగారూ, ఈ రోజు తీసుకెళ్ళాను. ఆటోలో దారంతా మాట్లాడలేదు. హార్బరు గేటు దగ్గర వాసన తగలగానే నా చెయ్యి పట్టుకున్నారు.

దూరం నుంచి చూసి పోల్చుకోలేకపోయారు. ఫైబర్ నునుపు, నీలం రంగు, పెరిగిన వెనక భాగం, ఏదీ ఆయన చేసింది కాదు కదా. "ఇదా?" అన్నారంతే. నలుగురు కళాసీలు కుర్చీతో సహా ఎత్తి డెక్కు మీద పెట్టారు. ఇంజను గదిలోకి మాత్రం ఎవరినీ పట్టుకోనివ్వలేదు, ఎడమ చేత్తో నిచ్చెన పట్టుకుని ఆయనే దిగారు.

వెనక నుంచి మొదలుపెట్టారు. ఒక్కో కర్ర మీద అరచెయ్యి ఆనించి చెప్తూ వచ్చారు. "ఇది నాదే. ఇదీ నాదే. ఇది కాదు. ఇది ఎవరో వేపకర్ర వేశారు, పాపం తొందర్లో ఉన్నట్టున్నాడు. ఇది నాదే." ఇరవయ్యారులో పదిహేడు ఆయనవి. పలకల్లో నీటి గీతకి పైనున్నవి కొన్ని పాతవే. అడుగుదూలం ముందు భాగంలో అతుకు తడిమి, బోల్టులు లెక్కపెట్టి, మార్చలేదన్నారు.

తర్వాత ఎడమ వైపు అడుగున ఒక చోట చాలాసేపు చూశారు. పన్నెండో కర్రకీ పదమూడో కర్రకీ మధ్య. ఓనరుని పిలిచి, "ఇక్కడ నీరు ఊరుతుందా?" అని అడిగారు. ఆయన, "లేదు పెద్దాయనా, ముందు వైపు ఊరేది ఒకప్పుడు. ఇక్కడ ఎప్పుడూ లేదు" అన్నారు. నాన్న కాసేపటికి మళ్ళీ అదే అడిగారు. ఓనరు ఏమీ అనుకోకుండా మళ్ళీ అదే చెప్పారు. నాన్న తల ఊపారు. 1996లో ఆ పడవని ఆపింది ఆ సందు కోసమే. మామయ్య కర్మకాండ అయిన మర్నాడు దూది, గుగ్గిలం ముద్ద పెట్టి అది నింపింది నాన్నే, ఒక్కరే.

ఇంకాసేపు ఉంటానన్నారు. మేమంతా పైకి వచ్చేశాం.

ఎన్నూరు ఇంజనీరు | మే 11, రాత్రి 10:10

నేను పక్కనే ఉన్నాను. ఒక మాట అడిగాను ఆయన్ని. సగానికి పైగా మారిపోయిన బోటుని అదే బోటంటారా అని. "అడుగుదూలం ఎవరిదైతే బోటు వాడిదే" అన్నారు. ముప్పై ఏళ్ళు ఉండదని మొదట రాసింది నేనే. మంచి నల్లతుమ్మ, ఎండిన చెక్క మీద తొడిగిన ఫైబర్, రెండూ కలిస్తే ఉంటుందని ఇప్పుడు చూశాను.

తండయారుపేట అమ్మాయి | మే 13, రాత్రి 8:20

మళ్ళీ సాయం కావాలి. తొమ్మిదో కర్ర మెత్తబడింది. నాన్న బొటనవేలి గోరుతో నొక్కితే లోపలికి దిగింది. నీళ్ళలోకి దించేలోపు మార్చాలని ఓనరుకి చెప్పారు, ఆయన ఒప్పుకున్నారు. ఇక్కడి మేస్త్రి చేస్తాడు, నాన్న పక్కన కూర్చుని చెప్తారు.

కావాల్సింది నల్లతుమ్మ. కోసి వంచింది కాదు, పుట్టుకతో వంపు ఉన్న కొమ్మ. కింది చేయి మూడున్నర అడుగులు, పై చేయి నాలుగు అడుగులు, మందం ఐదు అంగుళాలకి తగ్గకూడదు. వంపు అట్టముక్క మీద గీసిచ్చారు, ఫోటో పెట్టాను. చెన్నై చుట్టుపక్కల ఎక్కడ దొరుకుతుంది?

సరంగు పెదనాన్న | మే 13, రాత్రి 9:00

ఇక్కడి అడితుల్లో కరువేలం అని అడగాలమ్మా. జాగ్రత్త, సీమ కరువేలం అంటగడతారు. అది మన సర్కారు తుమ్మ, ఎక్కువగా పొయ్యిలోకే పోతుంది. సూళ్ళూరుపేట వైపు నాకు తెలిసిన ఒకతను ఉండాడు, రేపు పోయి చూసొస్తా.

ఫైబర్ పని | మే 13, రాత్రి 9:40

ఆ చోట లోపల తడి ఎంతుందో నేను చూస్తాను. కర్ర తీసినప్పుడు వెనక ఫైబర్ కదలకుండా పట్టుకోవాలి. ఆ రోజు వేరే పని పెట్టుకోను. డబ్బు మాట ఎత్తొద్దు అక్కా.

కోరంగి కుర్రాడు | మే 15, ఉదయం 6:35

అక్కా, ఎవరూ వెతకొద్దు. పెదనాన్న అట్ట ఫోటో చూసి నిన్న సాయంత్రం యార్డు వెనక పేర్చిన దుంగలన్నీ తిరగేశాడు. నాలుగోది సరిగ్గా ఆ వంపు. కొట్టి ఏడాది దాటింది, బాగా ఆరింది. నాన్నగారికి ఫోన్ చేసి మాట్లాడాడు. ఇద్దరూ చెక్క గురించే అరగంట మాట్లాడుకున్నారు. చివర్లో నాన్నగారు, తడి గోనెపట్టా చుట్టి పంపమన్నారు, దారిలో ఎండకి చీలకుండా.

గురువారం రొయ్యల లారీ చెన్నై వస్తోంది. అందులో వేస్తున్నాం. పెదనాన్న నంబరు వేయనా అని అడిగితే, "వద్దు, అక్కడ నేను వేసుకుంటాను, ఎడమ చెయ్యి ఉందిగా" అన్నారట.